ఒక చుక్క నెత్తురు, ఇంటిల్లిపాది అమానతు

సైదాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాలులో ఆదివారం ఉదయం ఉచిత వైద్య శిబిరం జరుగుతోంది. షుగరు, రక్తహీనత, తలసీమియా పరీక్షలు ఉచితమని అంతకు ముందు జుమా నాడే బస్తీలో తెలియజేశారు. మేము వెళ్ళేసరికి ఆడవారి వరుస గేటు దాకా వచ్చింది. వరుసలో నిలబడిన ఒక పెద్దావిడ చేతిలోని కాగితాన్ని మా ముందుకు చాచి, “బేటా, ఇందులో ఏం రాసి ఉంది? వేలిముద్ర వేయమంటున్నారు” అని అడిగారు.

కాగితం ఇంగ్లీషులో ఉంది. మొదటి మూడు పేరాలు పరీక్షల గురించే. చివరి పేరా మాత్రం వేరే సంగతి చెబుతోంది: పరీక్ష చేయగా మిగిలిన రక్తాన్ని భద్రపరచడానికి, దాని నుంచి డీఎన్‌ఏను వేరు చేయడానికి, భవిష్యత్తులో జరిగే పరిశోధనలకు వాడడానికి, ఇతర సంస్థలతో పంచుకోవడానికి సంతకం చేసినవారు అంగీకరిస్తున్నారట. పరీక్షకూ దీనికీ కలిపి ఒకే సంతకం. బల్ల దగ్గర కూర్చున్న కుర్రవాడిని అడిగితే, “అదేం లేదండీ, ఫార్మాలిటీ” అన్నాడు.

అతడు అబద్ధం చెప్పాలనుకోలేదు. ఆ పేరాను అతడూ చదివి ఉండడు. అయితే ఆ పెద్దావిడ వేలిముద్ర వేస్తే తన ఒంటి నుంచి ఏమి ఇస్తున్నట్లు, ఎవరికి ఇస్తున్నట్లు, ఎంతకాలానికి ఇస్తున్నట్లు? అక్కడికక్కడే వివరించబోయి మేము తడబడ్డాము. ఆ తడబాటే ఈ వ్యాసానికి కారణం.

నెత్తురు దాచే ఇల్లు

రక్తం, లాలాజలం, శస్త్రచికిత్సలో తీసిన కణజాలం వంటి వాటిని అతి శీతల స్థితిలో ఏళ్ళ తరబడి భద్రపరిచి, వాటిని ఇచ్చినవారి వయసు, జబ్బులు, అలవాట్ల వివరాలతో జోడించి పరిశోధకులకు అందుబాటులో ఉంచే ఏర్పాటును బయోబ్యాంకు అంటారు. బ్లడ్ బ్యాంకుకూ దీనికీ తేడా ఉంది. బ్లడ్ బ్యాంకులో ఇచ్చిన రక్తం కొద్ది వారాలలో ఒక రోగి ఒంట్లోకి చేరుతుంది, అక్కడితో దాని పని ముగుస్తుంది. బయోబ్యాంకులో ఇచ్చిన రక్తం మాత్రం ఇచ్చిన మనిషి మరణించిన తరువాత కూడా సమాచారాన్ని ఇస్తూనే ఉంటుంది. బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంకు 2006 నుంచి 2010 వరకు 5 లక్షల మంది నమూనాలను సేకరించింది. వాటిపై నేటికీ పరిశోధనలు సాగుతున్నాయి. గల్ఫ్‌లో మన పిల్లలు పనిచేసే ఖతర్‌లోనూ జాతీయ బయోబ్యాంకు ఉంది.

మన నగరానికి ఈ రంగం కొత్త కాదు. హబ్సిగూడలోని సీసీఎంబీ, అంటే కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, దేశంలోనే పేరెన్నికగన్న సంస్థ. డీఎన్‌ఏ వేలిముద్రల విధానాన్ని మన దేశంలో నిలబెట్టిన డాక్టర్ లాల్జీసింగ్ అక్కడివారే. ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ డీఎన్‌ఏ పరీక్షలకూ, జన్యు వ్యాధుల నిర్ధారణకూ కేంద్రం. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2020లో ప్రారంభించిన జీనోమ్ ఇండియా పథకంలో దేశవ్యాప్తంగా సుమారు 20 సంస్థలు పాలుపంచుకోగా, సీసీఎంబీ వాటిలో ఒకటి. 83 జనసముదాయాల నుంచి సేకరించిన నమూనాలలో 10 వేల మంది పూర్తి జన్యుక్రమాన్ని చదివి, ఆ సమాచారాన్ని 2025 జనవరి 9న పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అది ఫరీదాబాద్‌లోని భారతీయ జీవసమాచార కేంద్రంలో భద్రంగా ఉంది.

మేలు లేనిది కాదు

ఇదంతా వినగానే, “మన రక్తంతో వారికేం పని? ఇవ్వకుంటే సరి” అనుకునేవారున్నారు. ఆ మాట తొందరపాటు. 2009లో సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఇతర సంస్థలతో కలిసి ఒక ముఖ్యమైన విషయం కనుగొన్నారు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో చిన్న భాగం లోపించడం మన ఉపఖండంలో దాదాపు 4 శాతం మందిలో కనిపిస్తుంది. అలాంటివారు బాల్యంలో, యౌవనంలో ఆరోగ్యంగానే ఉండవచ్చు. నడివయసు దాటాక వారి గుండె బలహీనపడే ముప్పు ఎక్కువ. ఈ లోపం యూరప్ ప్రజలలో వెతికితే దొరికేది కాదు. మన రక్తం చదివితేనే బయటపడింది.

మరో ఉదాహరణ. ఆపరేషన్ సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే ఒక మందు కొందరిలో త్వరగా విరగదు. ఊపిరి తీసుకోలేక గంటల తరబడి యంత్రం మీద ఉండవలసి వస్తుంది. తెలుగునాట వైశ్య సముదాయంలో ఈ స్థితికి కారణమైన జన్యుమార్పు ఎక్కువగా ఉంది. తరతరాలుగా తమలో తామే వివాహాలు చేసుకున్న సముదాయాలలో కొన్ని అరుదైన లోపాలు ఇలా పోగుపడతాయి. 2017లో వెలువడిన ఒక అధ్యయనం దక్షిణాసియాలోని 260కి పైగా సముదాయాలను పరిశీలించి, వాటిలో 81 సముదాయాలలో ఈ లక్షణం బలంగా ఉన్నదని తేల్చింది. డాక్టర్ కుమారస్వామి తంగరాజ్ వంటి హైదరాబాద్ శాస్త్రవేత్తలకు అందులో ముఖ్య పాత్ర ఉంది.

కనుక ఏ సముదాయం రక్తం బయోబ్యాంకులో లేదో, ఆ సముదాయపు జబ్బులు వైద్యుల కంటికి ఆనవు. పిల్లవాడికి వచ్చిన జబ్బు పేరేమిటో తెలియక ఆసుపత్రుల చుట్టూ తిరిగే తల్లిదండ్రులకు ఆ లోటు ఏమిటో తెలుసు. తలసీమియా పిల్లల తల్లిదండ్రులను అడిగి చూడండి. రెండు, మూడు వారాలకొకసారి రక్తం ఎక్కించుకోవడానికి వచ్చే పసివాళ్ళను చూడాలంటే దూరం పోనక్కరలేదు. 1998లో ఏర్పడిన తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఈ పాతనగరం అంచున, శివరాంపల్లిలోనే సేవ చేస్తోంది.

ఒకరి సంతకం, అందరి సంగతి

అయితే జన్యు సమాచారానికి మరే వైద్య సమాచారానికీ లేని గుణం ఒకటుంది. మన ఎక్స్‌రే మన ఎముకల గురించే చెబుతుంది. మన డీఎన్‌ఏ మాత్రం తోబుట్టువుల గురించి, కన్నబిడ్డల గురించి, ఇంకా పుట్టని మనుమల గురించి కూడా చెబుతుంది. అన్న ఇచ్చిన నమూనాలో ఒక లోపం కనబడితే, ఏ కాగితం మీదా సంతకం చేయని చెల్లెలికి కూడా అది ఉండే అవకాశం ఉన్నదని అర్థం. ఈ సంగతి ఆమెకు చెప్పాలా? ఎవరు చెప్పాలి? ఆమె తెలుసుకోవద్దనుకుంటే? ఒకరి సమ్మతితో మొదలైన వ్యవహారం ఇలా కుటుంబమంతటి గుట్టుగా మారుతుంది.

కుటుంబం దాటి జమాఅత్ దాకా కూడా వెళుతుంది. 2010లో సీసీఎంబీ పరిశోధకులు మరికొందరితో కలిసి దేశంలోని ఆరు ముస్లిమ్ సముదాయాల నమూనాలపై ఒక అధ్యయనం ప్రకటించారు. భారతీయ ముస్లిముల జన్యువారసత్వంలో అత్యధిక భాగం తమ చుట్టుపక్కల నివసించే ముస్లిమేతర సముదాయాల నుంచే వచ్చిందని, ఇరాన్, మధ్య ఆసియా వైపు నుంచి వచ్చినది కొద్దిపాటి అని, అరబ్బు భూభాగం నుంచి నేరుగా వచ్చినది గణనీయం కాదని అందులో తేలింది. ఈ ఫలితం చూసి కలవరపడవలసిన పని లేదు. తెగలూ జాతులూ పరస్పర పరిచయం కోసమేనని, దైవం దృష్టిలో గౌరవానికి కొలమానం దైవభీతి మాత్రమేనని సూరా అల్ హుజురాత్ నేర్పిన మనకు వంశగర్వం తగదు.

కానీ ఒక్క సంగతి ఆలోచించండి. ఆరు సముదాయాలకు చెందిన కొన్ని వందల మంది ఇచ్చిన రక్తం కోట్లాది మంది పుట్టుపూర్వోత్తరాల మీద ఒక నిర్ణయానికి ఆధారమైంది. అలాంటి ఫలితం ప్రయోగశాల గడప దాటి ఎన్నికల వేదికల మీదికి వస్తే ఏమవుతుంది? ఒక సముదాయాన్ని ‘పరాయివారు’ అనడానికో, ‘రోగాల పుట్ట’ అనడానికో దానిని వాడుకోబోయేవారు లేరని చెప్పగలమా? సమ్మతి ఇచ్చేది వ్యక్తి అయినా, నింద పడేది సముదాయం మీద.

ఇది ఊహాగానం కాదు. అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రంలో హవసుపాయ్ అనే చిన్న ఆదివాసీ తెగ ఉంది. తమను పీడిస్తున్న మధుమేహానికి కారణం తెలుస్తుందని 1990 ప్రాంతంలో వారు ఒక విశ్వవిద్యాలయ పరిశోధకులకు రక్తం ఇచ్చారు. అదే రక్తంతో మానసిక వ్యాధుల మీద, దగ్గరి సంబంధాల వివాహాల మీద, తమ పూర్వీకుల వలసల మీద కూడా పరిశోధనలు జరిగాయని వారికి ఏళ్ళ తరువాత తెలిసింది. తమ పూర్వీకులు ఆ లోయలోనే పుట్టారన్నది వారి విశ్వాసం. తామిచ్చిన రక్తమే దానికి విరుద్ధంగా సాక్ష్యం చెప్పడానికి వాడబడింది. కోర్టు వ్యవహారం 2010లో రాజీతో ముగిసింది. విశ్వవిద్యాలయం 7 లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన రక్తాన్ని వారికి తిరిగి ఇచ్చివేసింది.

చైనాలోని షిన్‌జియాంగ్‌లో మన సోదరులైన ఉయ్‌ఘూర్‌ల గాథ ఇంకా బాధాకరం. అక్కడ 12 నుంచి 65 ఏళ్ళ లోపు వారి డీఎన్‌ఏను ఉచిత ఆరోగ్య పరీక్షల కార్యక్రమం ద్వారా సేకరిస్తున్నారని హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2017 డిసెంబరులో వెల్లడించింది. వైద్యం పేరుతో తీసిన నెత్తురు నిఘాకు పనిముట్టు కాగలదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

ఖమ్మం నేర్పిన పాఠం

సమ్మతి అంటే సంతకం కాదు. ఈ పాఠం మన తెలుగునేలే నేర్పింది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నివారణ టీకాను ఒక పరిశీలన కార్యక్రమం కింద వేశారు. వారిలో పలువురు భద్రాచలం ప్రాంతపు ఆదివాసీ బాలికలు, వసతిగృహాలలో చదువుకునేవారు. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన చెలరేగి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం నిలిచిపోయింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలింది మరొకటి. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 పత్రాల మీద ఉన్నవి వార్డెన్ల సంతకాలు. మరో 1,948 పత్రాల మీద వేలిముద్రలు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో ఈ తీరును తీవ్రంగా ఖండించింది.

అది టీకా వ్యవహారం, ఇది రక్తం దాచే వ్యవహారం. కానీ కాగితం ఒకటే. ఎవరి తరఫున ఎవరు సంతకం చేస్తున్నారు, చేసేవారికి అర్థమయ్యే భాషలో ఉందా లేదా అన్న ప్రశ్నలు రెండు చోట్లా ఒకటే. సైదాబాద్‌లో మా ముందుకు చాచిన ఆ ఇంగ్లీషు కాగితాన్ని చూడగానే మాకు ఖమ్మం గుర్తుకు రావడంలో ఆశ్చర్యం లేదు.

చట్టం ఎంతవరకు కాపాడుతుంది?

భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన జాతీయ నైతిక మార్గదర్శకాలలో బయోబ్యాంకుల కోసం ఒక అధ్యాయమే ఉంది. అందులో ప్రతి ఇంటికీ తెలియవలసిన మాట ఒకటుంది. నమూనాకూ, దాని సమాచారానికీ యజమాని దానిని ఇచ్చిన వ్యక్తే. బయోబ్యాంకు వాటికి ధర్మకర్త మాత్రమే. ఇచ్చిన వ్యక్తి తన నమూనాను వెనక్కి తీసుకోమని కోరవచ్చు. అయితే నమూనా మీది పేరు, గుర్తులు శాశ్వతంగా తొలగించివేస్తే అది ఎవరిదో కనిపెట్టడం సాధ్యం కాదు గనుక, అప్పుడు వెనక్కి అడిగే వీలుండదు. ఒక్క పరిశోధనకే సమ్మతి ఇవ్వడం, భవిష్యత్తులోని అన్ని పరిశోధనలకూ కలిపి ఇవ్వడం, కొన్నింటికి ఔనని కొన్నింటికి కాదని చెప్పడం వంటి రకరకాల సమ్మతి పద్ధతులను కూడా ఆ మార్గదర్శకాలు వివరించాయి.

ఇవి మార్గదర్శకాలే గాని, బయోబ్యాంకుల కోసం పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం కాదు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. కానీ జన్యు సమాచారానికి అందులో ప్రత్యేకమైన రక్షణ వర్గం లేదు. పరిశోధన కోసం జరిగే వినియోగానికి కొన్ని షరతులతో మినహాయింపు కూడా ఉంది. నేర పరిశోధనకు, వ్యక్తుల గుర్తింపునకు డీఎన్‌ఏ బ్యాంకులు ఏర్పాటు చేసే బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చింది. దానిని పరిశీలించిన స్థాయీ సంఘంలో హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ, సి.పి.ఐ. సభ్యుడు బినయ్ విశ్వం తమ అసమ్మతిని నమోదు చేశారు. 2023లో ప్రభుత్వం ఆ బిల్లును ఉపసంహరించుకుంది.

ఇక బీమా. పుట్టుకతో సంక్రమించిన గుండె కండర వ్యాధి ఉన్న వ్యక్తికి, అది జన్యు వ్యాధి అన్న కారణంతో బీమా సంస్థ సొమ్ము నిరాకరించింది. జన్యు వ్యాధులన్నింటినీ గంపగుత్తగా మినహాయించడం వివక్షేనని ఢిల్లీ హైకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఆ వివాదం సుప్రీంకోర్టుకు కూడా వెళ్ళింది. అమెరికాలో 2008 నుంచే ఆరోగ్య బీమాలో, ఉద్యోగాలలో జన్యు వివక్షను నిషేధించే చట్టం ఉంది. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు.

ధర్మం దృష్టిలో

ఉలమాలు, వైద్యులు ఈ విషయాన్ని చాలాకాలం క్రితమే చర్చించారు. 1998 అక్టోబరులో కువైట్‌లో ఇస్లామీ వైద్యశాస్త్రాల సంస్థ జన్యుశాస్త్రం మీద సదస్సు జరిపింది. ఇస్లామీ సహకార సంస్థకు చెందిన అంతర్జాతీయ ఫిఖ్‌హ్ అకాడమీ 2013లో రియాద్‌లో ఇదే అంశం మీద తీర్మానం చేసింది. జన్యువిజ్ఞానాన్ని వైద్యానికి, మానవ మేలుకు వినియోగించడాన్ని ఈ వేదికలు తిరస్కరించలేదు. మనిషి అనుమతి, అతని రహస్యాల రక్షణ, హాని కలగకుండా చూడడం అనే హద్దులలో దానిని నిలబెట్టాయి.

మన దేహం మన సొంత ఆస్తి కాదు, సృష్టికర్త మనకు అప్పగించిన అమానతు అని మనం నమ్ముతాము. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించాలని సూరా అన్‌నిసా ఆజ్ఞాపించింది. వైద్య పరిశోధన మండలి బయోబ్యాంకును ధర్మకర్త అన్నది. మన మాటలో చెప్పాలంటే అమీన్. అమీన్ తన దగ్గర దాచుకున్న సొమ్మును చెప్పిన పనికి తప్ప మరో పనికి వాడితే అది ఖియానత్ అవుతుంది. ఈ కొలబద్ద మన ఇళ్ళలో పసివాళ్ళకు కూడా తెలుసు. దానితోనే ప్రయోగశాలను కొలవవచ్చు.

అదే కొలబద్ద మన ఇళ్ళకూ వర్తిస్తుంది. తలసీమియా వాహకులకు జబ్బు ఉండదు. భార్యాభర్తలిద్దరూ వాహకులైతేనే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. అందుకే సౌదీ అరేబియాలో 2004 నుంచి వివాహానికి ముందు ఈ పరీక్ష తప్పనిసరి. తెలుగునాట మేనరికం అన్ని మతాల ఇళ్ళలోనూ ఉంది. మన ధర్మంలో చాచా, ఖాలా పిల్లలతో వివాహానికి అనుమతి ఉంది గాని ఆదేశం లేదు. పరీక్ష చేయించుకుని నిర్ణయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. కానీ పరీక్షలో వాహకురాలని తేలిన ఆడపిల్ల సంగతి బస్తీ అంతా చెప్పుకోవడం, వచ్చిన సంబంధాలను చెడగొట్టడం జుల్మ్. అబ్బాయి కూడా వాహకుడేనని తేలితే ఆ మాట మాత్రం గోడ దాటదు! ప్రయోగశాల రహస్యం కాపాడాలని కోరే మనం ముందు మన నాలుకలను కాపాడుకోవాలి.

అడగవలసిన ప్రశ్నలు

ఎవరైనా రక్తం అడిగితే భయపడి పారిపోనక్కరలేదు, కళ్ళు మూసుకుని సంతకమూ చేయనక్కరలేదు. కొన్ని ప్రశ్నలు అడిగితే చాలు. ఇది నా వైద్యం కోసమా, పరిశోధన కోసమా? రెండింటికీ వేర్వేరు సంతకాలు ఉన్నాయా? పరిశోధనకు ఒప్పుకోకపోతే నా వైద్యం ఆగుతుందా? నైతిక సంఘం అనుమతి ఉందా? నా పేరు తొలగిస్తారా, సంకేతంతో ఉంచుతారా? ఎక్కడ దాస్తారు, ఎవరికి ఇస్తారు, విదేశాలకూ కంపెనీలకూ ఇస్తారా? నాకో నా బిడ్డలకో పనికివచ్చే విషయం కనబడితే తెలియజేస్తారా? నేను మనసు మార్చుకుంటే ఎవరిని కలవాలి? సమ్మతి పత్రం నకలు నాకు ఇస్తారా? ఈ పత్రం తెలుగులోనో, ఉర్దూలోనో ఉందా?

సమాధానం చెప్పగలిగినవారికి రక్తం ఇవ్వడంలో పుణ్యం ఉంది. ప్రశ్నకు విసుక్కునేవారికి ఇవ్వకపోవడంలో తప్పు లేదు. బస్తీలో శిబిరాలు ఏర్పాటు చేసే మసీదు కమిటీలు, యువజన సంఘాలు ఈ ప్రశ్నలను ముందుగానే నిర్వాహకులను అడిగి, జవాబులను ప్రజల భాషలో గోడకు అంటించడం వారి బాధ్యత.

ఆ ఆదివారం మేము ఆ పెద్దావిడను శిబిరంలోని డాక్టరమ్మ దగ్గరికి తీసుకువెళ్ళాము. ఆమె మంచి మనిషి. పరీక్షకు మాత్రమే ఒప్పుకుని చివరి పేరాను కొట్టివేయవచ్చని చెప్పి, ఆ పేరాలోని ప్రతి మాటనూ దక్కనీ ఉర్దూలో విడమరచి వివరించింది. పది నిమిషాలు పట్టింది, అంతే. పెద్దావిడ కాసేపు ఆలోచించారు. ఆమె కూతురి కొడుకు తలసీమియా బిడ్డ అని మాకు అప్పుడే తెలిసింది. “నా నెత్తురు ఇంకొకరి మనవడికి పనికివస్తుందంటే ఉంచుకోండమ్మా, నాకేం అభ్యంతరం?” అంటూ ఆవిడ వేలిముద్ర వేశారు. వేసి, బల్ల దగ్గరి కుర్రవాడి వైపు తిరిగి నెమ్మదిగా అన్నారు:

“ఇదే మాట నువ్వు ముందే చెప్పి ఉంటే పోయేదేముంది, బేటా?”